సార్ షీటు మీద రెండో చీటీ

మా బాటనీ సార్ పోయారన్న మాట నాకు కోరుట్ల బస్టాండులో తెలిసింది. హాల్ టికెట్ తెచ్చుకుందామని జగిత్యాల బస్సు కోసం నిలబడ్డాను. ఫోను మోగింది. చూస్తే సార్ నంబరే. సార్ ఫోను చేస్తే మొదటి మాట ఎప్పుడూ ఒకటే, "నీడకున్నవా బిడ్డా" అని. అందుకే నేను ముందుగానే "నీడకే ఉన్న సార్" అనేశాను. అవతల సార్ భార్య గొంతు వచ్చింది. "మీ సారు పొద్దుగాల చాయ తాగిండు బిడ్డా. పేపరు పట్టుకొని గోడకు ఒరిగిండు. గంతే" అన్నది.

జగిత్యాల బస్సు వచ్చింది, పోయింది. నేను రోడ్డు దాటి రుద్రంగి మీదుగా సిరిసిల్లకు పోయే బస్సెక్కాను. దారి పొడుగునా కిటికీలోంచి కనిపించిన ప్రతి చెట్టుకూ దాని కుటుంబం పేరు మనసులో చెప్పుకుంటూ పోయాను. తుమ్మ, వేప, చింత, ఇప్ప. ఏడుపు ఆపుకోవడానికి నాకు తోచిన ఉపాయం అదొక్కటే. రుద్రంగి దాటాక అదీ పనిచేయలేదు.

సార్‌ది సిరిసిల్లలో నేతపని చేసుకునే ఇల్లు. వాళ్ళ నాయిన మొదట చేతిమగ్గం మీద, తర్వాత పవర్‌లూమ్ మీద పనిచేశారట. సార్ చదువుకొని జగిత్యాలలో మా డిగ్రీ కాలేజీలో లెక్చరరయ్యారు. ముప్పై ఏళ్ళు అక్కడే వృక్షశాస్త్రం చెప్పారు. నేను చేరేనాటికే రిటైరయ్యారు. అయినా ప్రతి బేస్తవారం సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చేవారు. జీతం లేదు, హాజరు పట్టీలో పేరు లేదు. ల్యాబు మూలనున్న ఆకుపచ్చ ఇనుప బీరువా కోసం వచ్చేవారు. ఎండబెట్టి అట్టల మీద అతికించిన మొక్కలు ఆ బీరువా నిండా ఉంటాయి. వాటిని మేం షీట్లంటాం. ఒక్కొక్క షీటు కింద కుడి మూలన చీటీ ఉంటుంది. మొక్క పేరేంటి, ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చారు, ఎవరు గుర్తుపట్టారు అన్నది అందులో రాస్తారు.

నేను బాటనీలో సీటు వచ్చింది కాబట్టి చేరానే గాని ఇష్టపడి కాదు. మొదటి బేస్తవారం సార్ మా క్లాసుకు వచ్చి, మీ ఇల్లు ఏ మొక్క మీద బతుకుతుందో చెప్పమని ఒక్కొక్కరినే అడిగారు. పసుపు అన్నారు, వరి అన్నారు, పత్తి అన్నారు. నా వంతు వచ్చేసరికి నేను లేచి నిలబడి గోడ చూశాను. మా అమ్మ బీడీలు చేస్తుంది. చివరికి తునికాకు అని చిన్నగా అన్నాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. సార్ బోర్డు మీద తునికి కుటుంబం పేరు రాసి, దాని కింద ఒక గీత గీసి, ఆ కుటుంబం ఎరికేలిస్ అన్న క్రమంలోకి వస్తుందని చెప్పారు. ఆ క్రమానికి పేరిచ్చిన పెద్ద కుటుంబం ఎరికేసి. మన దక్షిణాదిలో అది చల్లని కొండల మీద తప్ప పెరగదు. మన జిల్లాలో దాని మొక్క ఒక్కటీ లేదు. "పెద్దింటోళ్ళు కొండెక్కి కూసున్నరు. సుట్టాలు తునికి, ఇప్ప మనకాడ ఉన్నరు. ఇగ ఈ బిడ్డ చుట్టరికం ఎక్కడిదాక ఉన్నదో చూసుకోండ్రి" అన్నారు. నేను ఆ రోజే మనసుతో బాటనీకి మారానని అనుకుంటాను.

మారడం అంటే మాటలకు మారడం. అండాశయం, రక్షక పత్రావళి, ఆకర్షణ పత్రావళి, మృదుఫలం, గుళిక. ఇవన్నీ పరీక్ష కోసం బట్టీ పట్టే మాటలని అప్పటిదాకా అనుకున్నాను. సార్ వాటిని ఇంట్లో మనుషుల పేర్లలాగా పలికేవారు. నేనొక నోటుబుక్కు పెట్టుకొని నచ్చిన మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను. ఒక పక్క పుస్తకం మాట, ఇంకో పక్క మా ఊరి మాట. ఒకరోజు సార్ అది తీసుకొని చూసి, "పదం నోట్ల తిరిగితెనే చెట్టు కంట్ల తిరుగుతది" అని, రెండు తప్పులు దిద్ది ఇచ్చేశారు.

సార్ షీట్లకు గమ్ము కొనేవారు కాదు. మగ్గానికి ఎక్కించే నూలుకు పెట్టే గంజినే ఇంట్లో కాచి సీసాలో పోసుకొచ్చేవారు. కాడ లావుగా ఉంటే సూదితో అట్టకు కుట్టి, చివర్న నేతగాళ్ళు తెగిన పోగును కలిపే ముడి వేసేవారు. రెండు పోగులు వేలి మీద కలిశాయని మేం అనుకునేలోపే ముడి పడిపోయేది. మాకు నేర్పబోయి, మేం వేసిన ముడులు చూసి, "మీ ముడితోని బట్ట నేస్తె కట్టుకున్నోడు నడిబజార్ల ఆగమైతడు" అనేవారు. మొక్కలు ఆరబెట్టిన పాత పేపర్లు విప్పేటప్పుడు వాటిలోని వార్తలు ఇవాళ్టివే అన్నట్టు గట్టిగా చదివేవారు. ఎప్పుడో ఓడిపోయిన మ్యాచ్‌లో ఇంకా గెలుస్తామేమోనని మేం కూడా వినేవాళ్ళం.

పేరు తెలియని మొక్క వస్తే చీటీ మీద 'తెలియదు' అని రాసి లోపల పెట్టేవారు. అలాంటివి బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి. "తెల్వదని రాసుడు సిగ్గు గాదు. తెల్వక రాసుడు సిగ్గు" అనేది ఆయన మాట. ఈ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానో ఇంకాసేపట్లో తెలుస్తుంది.

ఎరికేసి పాఠం చెప్పే రోజు సార్ చేతిసంచిలో ఒక జామకాయ, ఒక వంకాయ ఉండేవి. ఈ కుటుంబంలో పూలు చాలావరకు బోర్లించిన చిన్న కూజాల్లాగా ఉంటాయి. పూలు చూసి కుటుంబంలోని తెగలను, అంటే ప్రజాతులను, వేరుచేయడం కష్టం, కాయ చూడాలి. వాక్సీనియం అన్న ప్రజాతిలో కాయగా మారే అండాశయం కింద ఉంటుంది, మొగ్గను కాపాడే రక్షక పత్రాలు దాని నెత్తిన ఉంటాయి. కాయ పండాక కూడా అవి మూతి దగ్గర మిగిలే ఉంటాయి. అది జామకాయ. గాల్తీరియా అన్న ప్రజాతిలో అండాశయం పైన, రక్షక పత్రాలు అడుగున. పూవు రాలాక ఆ పత్రాలకు కండ పడుతుంది, పెరిగి పెరిగి కాయను మొత్తం కప్పేస్తాయి. వంకాయకుండే పచ్చటి టోపీ పెరిగి వంకాయనంతా మింగేసిందనుకోండి, అది గాల్తీరియా. పైకి చూస్తే నీలంగా పండులాగే ఉంటుంది. విప్పితే లోపల ఎండిన గుళిక, అంటే పత్తికాయలా ఎండి పగిలే కాయ.

గాల్తీరియా వర్గీకరణ గురించి చెప్పేటప్పుడు సార్ కుర్చీలో కూర్చునేవారు కాదు. దక్షిణ అమెరికాలో దీనికి దగ్గరి పొదలున్నాయి, వాటికి లోపల కూడా నిజమైన మెత్తటి పండే ఉంటుంది. ఆ ఒక్క తేడా చూసి పాతకాలం శాస్త్రజ్ఞులు వాటిని వేరే ప్రజాతిగా పెట్టి ఇంకో పేరిచ్చారు. తర్వాత చూస్తే రెండు రకాలూ ఒకదానితో ఒకటి కలిసి పిల్లమొక్కల్ని కంటున్నాయి, మధ్యరకం కాయలు కాస్తున్నాయి. చివరికి రెండింటినీ ఒకే ప్రజాతిలో కలిపారు. "గోడ పెట్టింది మనం. పొదలకు ఆ ముచ్చటే తెల్వది" అనేవారు సార్.

ఆ ప్రజాతి మీద అంత ప్రేమ ఎందుకని ఒకసారి అడిగాను. గాల్తీరియా ఆకులోంచి నొప్పులకు రాసుకునే నూనె తీస్తారని, ఇప్పుడు ఎక్కువగా ఫ్యాక్టరీల్లోనే తయారుచేస్తున్నారని చెప్పారు. వాళ్ళ నాయిన మగ్గం దిగి వచ్చి రోజూ భుజానికి ఆ నూనే రాయించుకునేవారట. రాసేది సారే. అది ఒక పొద ఆకులోంచి వస్తుందని పీజీలో చదివినప్పటినుంచి ఆ పొదను ఒక్కసారి చూడాలని ఆశ. పీజీలో నీలగిరులకు తీసుకెళ్ళినప్పుడు వెతికారట, దొరకలేదట. "వాక్సీనియం దొరికింది, గాల్తీరియా దొరకలె. ఎన్నడన్న ఒకసారి చూడాలె బిడ్డా" అన్నారు.

ఆ వాక్సీనియం షీటే మా బీరువాలో ఎరికేసికి ఉన్న ఒక్కగానొక్క షీటు. సార్ తన చేత్తో కోసి, తన చేత్తో అతికించి, తన చేత్తో పేరు రాసింది. తొమ్మిది ఆకులు, ఒక పూలగుత్తి, మిరియాల్లా ఎండిన నాలుగు కాయలు. రాలిన రెండు కాయలు పక్కన చిన్న కాగితం పొట్లంలో. ముప్పై ఏళ్ళుగా జగిత్యాలలో డిగ్రీ చదివిన బాటనీ పిల్లలందరూ ఎరికేసిని ఆ షీటు మీదే చూశారు. ఆకులన్నీ ఇస్త్రీ చేసినట్టు, నునుపైన వైపు పైకి, వరసగా ఉండేవి. బీరువాలో అంతకంటే అందమైన షీటు లేదు.

పోయిన చలికాలం సార్‌కు గుండె నొప్పి వచ్చింది. కరీంనగర్‌లో చూపించి ఇంటికి తీసుకొచ్చారు. బస్సు ప్రయాణాలు వద్దన్నారు. కొన్నాళ్ళకు నాకు ఫోను చేసి, సెకండియర్ పిల్లలకు ఎరికేసి పాఠం నువ్వే చెప్పాలన్నారు. బాటనీ చెప్పే మా కొత్త మేడమ్‌ను కూడా ఒప్పించారట. వచ్చే సోమవారమే క్లాసు. నేను శుక్రవారం ల్యాబుకు వెళ్ళి, నోటుబుక్కు పక్కన పెట్టుకొని ఆ షీటు బయటికి తీశాను.

గంజి అంటే కాగితాలు తినే పురుగులకు ఇష్టం. ఒక ఆకు కింద గంజిని తినేసినట్టున్నాయి, షీటు ఎత్తగానే ఆ ఆకు ఊడి నా ఒళ్ళో పడింది. నేను దాన్ని తీసుకొని తిరగేశాను. ఎందుకు తిరగేశానంటే, చిన్నప్పటినుంచి మా అమ్మ పక్కన కూర్చొని తునికాకు ఏరిన చెయ్యి అది. మా ఇంట్లో రెండు వైపులా చూడకుండా ఏ ఆకూ కత్తెర కిందికి పోదు. మచ్చలూ తూట్లూ వెనకే ముందు తెలుస్తాయి. "మొఖం చూసి మోసపోకు, ఎనకకు చూడు" అని అమ్మ రోజుకు పదిసార్లు అంటుంది.

ఆ ఆకు వెనకంతా గోధుమరంగు చుక్కలు. ఆవాలకంటే చిన్నవి, వరస లేకుండా చల్లినట్టు. భూతద్దం పెట్టి చూశాను. నీలగిరుల మొక్కల పుస్తకం తెరిచి చూశాను. అక్కడి వాక్సీనియంలకు ఇలాంటి చుక్కల్లేవు. గాల్తీరియాకు ఉన్నాయి. ఆ మాట సార్ కూడా మాకు పాఠంలో చెప్పారు. చెప్పిన మనిషికి తన షీటు మీది ఆకుల వెనక వైపు ఎప్పుడూ కనిపించలేదు. తొమ్మిదింటి వెనకా గంజి ఉంది.

ఆకు కొస చిటికెడంత తుంచి స్టీలు గ్లాసులో వేడినీళ్ళు పోసి అందులో వేశాను. కొంచెంసేపటికి వాసన వచ్చింది. నా ముక్కును నేనే నమ్మలేక, చేతులు సబ్బుతో కడుక్కొని వచ్చి మళ్ళీ చూస్తున్నాను. అప్పుడే మా కొత్త మేడమ్ లోపలికొచ్చి, "ఎవరికమ్మా తలనొప్పి, బామ్ రాసుకున్నరు" అని అడిగింది. సార్ చెప్పిన నొప్పుల నూనె వాసనే అది, నేను గ్లాసు మేడమ్ చేతికిచ్చాను.

మేడమ్ ఒప్పుకున్నాక పొట్లంలోని కాయ ఒకటి నీళ్ళలో నానబెట్టి బ్లేడుతో కోశాం. పైనున్న కండ పక్కకు జరిగింది. దానికి అంటకుండా లోపల ఐదు గదుల గుళిక. జామకాయ కాదు, వంకాయ. మేడమ్ చాలాసేపు సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తలేదు. తర్వాత, "ఇది సార్ షీటు. సార్‌నే అడుగు. ఆయన ఔనంటేనే పేరు మారుద్దాం" అన్నది.

అడగడం ఎలాగో నాకు తెలియలేదు. సార్ భార్య అంతకు రెండు రోజుల ముందే ఫోనులో, మనసుకు కష్టమయ్యే ముచ్చట్లు ఏవీ ఆయన దగ్గర చెప్పొద్దని డాక్టర్లు అన్నారని చెప్పింది. ఆయనకున్న గర్వమంతా ఆ ఒక్క షీటు. ముప్పై ఏళ్ళు తప్పు చెప్పారని ఆ గుండెకు ఎలా చెప్పాలి? చెప్పకపోతే సోమవారం పొద్దున నలభై మంది ముందు నిలబడి, తప్పని తెలిసీ నా నోటితోనే వాక్సీనియం అనాలి. వాళ్ళు దాన్నే రాసుకుంటారు.

రాత్రి అన్నం దగ్గర అమ్మకు చెప్పాను. అమ్మకు వాక్సీనియం, గాల్తీరియా తెలియవు. కానీ ఆకు తిరగేయలేదన్న మాట ఒక్కసారికే అర్థమైంది. "చెప్తె ఆయనకు ఒక్క దినం బాధ. చెప్పకుంటె నువ్వు ఆయన ముంగట నిలబడ్డన్ని దినాలు బాధ" అని, నా కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

ఆదివారం ఊడిన ఆకును పొట్లంలో పెట్టుకొని సిరిసిల్లకు వెళ్ళాను. సార్ ఇల్లున్న గల్లీలో రెండు పక్కలా పవర్‌లూమ్ షెడ్లు. ఆ రోజు కూడా కొన్ని నడుస్తూనే ఉన్నాయి. అక్కడ మాట్లాడాలంటే ఎవరైనా గొంతు పెంచాల్సిందే. మా గల్లీలో గుసగుసలు నడవవు, అందుకే కొట్లాటలు కూడా తక్కువ అని సార్ అంటుండేవారు. నేను బస్సులో మెత్తటి మాటలన్నీ కూర్చుకొని వచ్చాను. చిన్న అనుమానం సార్ అని మొదలుపెట్టాను. సార్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని ఏందన్నారు. మళ్ళీ చెప్పాను, వినపడలేదు. మూడోసారి గొంతంతా తెరిచి అరిచాను.

"సార్, అది వాక్సీనియం కాదు సార్. గాల్తీరియా."

వంటింట్లోంచి సార్ భార్య బయటికి వచ్చి నా ముఖం చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను.

సార్ పొట్లం విప్పి ఆకును అరచేతిలో వేసుకున్నారు. మొదట ముఖం చూశారు. తర్వాత తిరగేసి, మెడలోని భూతద్దం కంటికి ఆనించి చుక్కలన్నీ చూశారు.

"షీటు మీద ఒక్క ఆకన్న బొర్లేసి ఉన్నదా?"

"లేదు సార్. అన్నీ మొఖం మీదికే ఉన్నయ్."

సార్ తల ఊపారు. బట్టను మడతపెట్టి ఇచ్చేటప్పుడు ముఖం పైకుండాలని వాళ్ళ నాయిన చిన్నప్పుడే చేతికి నేర్పారట. ఆకులను కూడా అలాగే పెట్టారు. మొక్కను అతికించేటప్పుడు ఒక్క ఆకునైనా బోర్లించాలని పుస్తకంలో ఉంది, మాకూ చెప్పారు, తన షీట్లలో మాత్రం ఎన్నడూ చేయబుద్ధి కాలేదట. వెనక వైపు చూపిస్తే సరుకులో లోపం చూపించినట్టు అనిపించేదట. ఇదంతా సార్ మెల్లగా చెప్పారు. మగ్గాల చప్పుడులో సగం పెదవుల కదలికను బట్టే తెలుసుకున్నాను.

తర్వాత వేడినీళ్ళు తెమ్మన్నారు. గ్లాసులో ఆకు ముక్క వేసి, ముక్కు దగ్గర పెట్టుకొని కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ ఏం మందు తాగుతున్నావని సార్ భార్య అడిగింది. సార్ కళ్ళు తెరవకుండానే, "మందు గాదు. మా నాయిన అంగి వాసన" అన్నారు.

నేను ఏడ్చేశాను. సార్ మాత్రం కాసేపటికి నవ్వడం మొదలుపెట్టారు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బస్సు నిండా వాంతులట. తోటి పీజీ పిల్లలందరి నుదుటికీ బామ్ రాశారట. ఆ బస్సులోనే ఆయన ఒళ్ళో ఈ కొమ్మ ఉంది. "బస్సంత బామ్ వాసననే. ఏది ఆకుదో ఏది మనిషిదో ఎట్ల తెలుస్తది" అన్నారు. నవ్వు ఆగాక గ్లాసు కింద పెట్టి నాతో అన్నారు.

"ఏడువకు బిడ్డా. ఒక్కసారి చూడాలని పీజీల సంది ఎదురుచూస్తున్న. అది నా బీరువల్నే ఉన్నది. ఇంతకంటె మంచి తప్పు ఎవడు చేస్తడు?"

కొత్త చీటీ మీద మీ పేరే రాద్దాం సార్, మీరే మళ్ళీ చూసి సరిచేసినట్టు రాద్దాం అన్నాను. అప్పుడు మాత్రం సార్‌కు కోపం వచ్చింది. చూసింది ఎవరని అడిగారు. నేనే అన్నాను. మరి చూడనోని పేరు ఎట్ల రాస్తవన్నారు. షీట్ల విషయంలో ఒక పద్ధతుంది. పేరు తప్పని తేలినా పాత చీటీని పీకరు, కొట్టేయరు. పక్కన కొత్త చీటీ అతికించి, కొత్త పేరు, చూసినవాళ్ళ పేరు, తేదీ రాస్తారు.

"నా తప్పు గట్లనే కనబడాలె. నీది పక్కకు పెట్టు. పెట్టేటప్పుడు ఇంకింత జాగ ఇడ్శిపెట్టు. రేపు ఇంకెవరన్న వచ్చి నీది గుడ తప్పంటరు, వాళ్ళకు జాగ గావాలె గద."

ఆ మధ్యాహ్నం సార్ ఫోను తీసుకొని పాత విద్యార్థుల గ్రూపులో గొంతు రికార్డు చేసి పంపారు. నేను మీకు చూపించింది వాక్సీనియం కాదు, గాల్తీరియా, ఆకు తిరగేసి చూడలేదు, తప్పు నాది, మా స్టూడెంటు పిల్ల పట్టుకున్నది, యాదికున్నోళ్ళు మార్చుకోండ్రి అని. చెప్పింది అంతే. జవాబులు రావడం మొదలైంది. దుబాయిలో క్రేన్ నడిపే ఆయన, "మార్చుకున్న సార్, ఇక్కడ ఎవలన్న అడిగితె సరిగ్గ చెప్త" అని పెట్టారు. పెగడపల్లిలో విత్తనాల దుకాణం నడిపే ఆయన, తనకు రెండు పేర్లూ యాదికి లేవని, జామకాయ పంచుకొని తిన్నది మాత్రం యాదికుందని పెట్టారు. సార్ భార్య ప్రతి జవాబునూ చదివించుకుంది. నేను బయలుదేరేటప్పుడు నాకొక డబ్బాలో సకినాలు కట్టి ఇచ్చింది. పొద్దుటి చూపుకు అది బదులనుకున్నాను.

సోమవారం క్లాసు చెప్పాను. ముందు చీటీ రాశాను. పెన్సిల్‌తో రాయబోతుంటే మేడమ్ పెన్ను చేతికిచ్చింది. గాల్తీరియా అన్న మాట కింద నా పేరు నేనే రాసుకున్నాను, పక్కన జాగా వదిలి అతికించాను. పిల్లలకు రెండు చీటీలూ చూపించి, రెండింటి కథా చెప్పాను. సార్ గురించి తప్పుగా అనుకుంటారేమోనని భయపడ్డాను. కానీ వాళ్ళలో ఒక అమ్మాయి లేచి, సార్ మళ్ళీ ఎప్పుడొస్తారు అక్కా, మాకు కూడా చెప్తారా అని అడిగింది.

ఆ తర్వాత పరీక్షల సెలవులొచ్చాయి. నేను కోరుట్లలోనే ఉండి చదువుకున్నాను. సార్ ఫోనుల్లో మామూలుగానే మాట్లాడారు. నీడకున్నవా, తిన్నవా, చదువుతున్నవా. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

సార్ పోయిన రోజు సిరిసిల్లలో అంత్యక్రియలన్నీ అయిపోయాక, సార్ భార్య నన్ను పక్కకు పిలిచింది. సెలవుల్లో మూడు బేస్తవారాలు సార్‌ను బస్సులో తానే జగిత్యాలకు తీసుకెళ్ళిందట. డాక్టర్లు వద్దన్నా విన్లేదట. "నీకు చెప్పొద్దన్నడు. దానికి పరీక్షలున్నయ్, చదువుకోనియ్యి అన్నడు. ల్యాబుల కూసొని ఏమో తడిపిండు, ఏమో ఇప్పిండు. నేను వేడినీళ్ళు అందిచ్చిన. ఏం చేసిండో నువ్వే పోయి చూడు" అన్నది.

మర్నాడు వెళ్ళి బీరువా తెరిచాను. మొదటి అర నుంచి ఒక్కొక్క షీటే బయటికి తీశాను. సీతాఫలం, ఉలిమిరి, పత్తి, పల్లేరు, రేగు. ప్రతి షీటు మీదా ఒకే ఒక్క ఆకు బోర్లించి ఉంది. సార్ తన జీవితమంతా ముఖం పైకి పెట్టి అతికించిన ఆకుల్లోంచి ఒక్కొక్కటి ఎంచుకొని, కుంచెతో గంజిని నానబెట్టి, ఊడదీసి, తిరగేసి మళ్ళీ అతికించారు. ముదురు ఆకుల మధ్య ఆ వెనక వైపులు లేతగా, ఈనెలు తేలి కనిపిస్తున్నాయి. కొన్ని విరిగాయి. విరిగిన ముక్కలు షీటు మూలన పొట్లంలో ఉన్నాయి, పొట్లం మీద వంకర అక్షరాలతో 'నా చేతిలో విరిగింది' అని రాసి ఉంది.

రెండో అర సగంలో మోదుగ షీటు వచ్చింది. దాని తర్వాతి షీట్లన్నీ ముఖం పైకే ఉన్నాయి. మోదుగకు మూడు పెద్ద ఆకులు. మధ్య ఆకు అంచు ఒకటి అట్ట మీంచి లేచి ఉంది. అది మళ్ళీ అంటుకోకుండా కింద వేలెడంత పేపరు ముక్క దూర్చి ఉంది. తడి ఎప్పుడో ఆరిపోయింది. ఆకు సగం లేచి అలాగే నిలిచింది.